చిట్టా ఉంటే చింత లేదు
(చెరిగిపోయిన లెక్కలను కంప్యూటరు తిరిగి ఎలా వ్రాసుకుంటుంది?)

మీరు బ్యాంకుకు వెళ్ళి వెయ్యి రూపాయలు దాచుకున్నారనుకోండి. గుమాస్తా కంప్యూటరు మీటలు నాలుగు నొక్కి, రశీదు మీ చేతిలో పెట్టాడు. మీరు గుమ్మం దిగారో లేదో కరెంటు పోయింది. లేదా ఆ సాయంత్రమే ఖాతాలన్నీ దాచి ఉంచిన డిస్కు చెడిపోయింది. ఇప్పుడు మీ వెయ్యి రూపాయల గతి ఏమిటి?

నోట్లు ఇనప్పెట్టెలో భద్రంగానే ఉన్నాయి. కాని అవి మీవేనని చెప్పే అక్షరం ఎక్కడుంది? ఈ రోజుల్లో డబ్బు అంటే చాలావరకు ఒక లెక్క. ఆ లెక్క చెరిగిపోతే డబ్బు పోయినట్లే. డబ్బే కాదు, మీ పదవ తరగతి మార్కులు, మీ తాతగారి పింఛను, మీ నాన్నగారి పొలం దస్తావేజు, తెనాలి స్టేషనులో మీరెక్కబోయే రైలులో మీ బెర్తు - ఇవన్నీ ఎక్కడో ఒక కంప్యూటరులో వరుసలు వరుసలుగా వ్రాసి ఉన్న అంకెలే. ఇలా క్రమపద్ధతిలో అమర్చి ఉంచిన సమాచార భాండాగారాన్నే డేటాబేసు అంటారు.

డిస్కులు చెడిపోతూనే ఉంటాయి. కరెంటు పోతూనే ఉంటుంది. మనుషులు పొరపాట్లు చేస్తూనే ఉంటారు. అయినా మరునాడు ఉదయం బ్యాంకు తలుపులు తెరిచేసరికి మీ వెయ్యి రూపాయలు మీ ఖాతాలో ఉంటాయి. ఈ వింత ఎలా జరుగుతుంది? దీని కిటుకు తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్ళనక్కరలేదు. మన ఊరి షావుకారు దుకాణం చాలు.

షావుకారు రెండు పుస్తకాలు

గుంటూరు నుండి పొన్నూరు పోయే దారిలో చేబ్రోలు ఉంది. ఆ ఊరైనా సరే, మీ ఊరైనా సరే, పాతకాలపు దుకాణంలో షావుకారు కనీసం రెండు పుస్తకాలు వ్రాసేవాడు. ఒకటి చిట్టా. రెండవది ఆవర్జా.

చిట్టాలో పద్దులు తేదీల వారీగా ఉంటాయి. ఉదయం దుకాణం తెరిచింది మొదలు రాత్రి మూసేదాకా ఏది జరిగితే అది, జరిగిన వరుసలో వ్రాసుకుంటూ పోవడమే. ఫలానావారికి రెండు వీశెల బెల్లం అరువు, ఫలానావారి వద్ద యాభై రూపాయలు జమ - ఇలా. ఆవర్జాలో పద్దులు పేర్ల వారీగా ఉంటాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట. ఆ పుట తీస్తే ఆ మనిషి ఇంకా ఎంత బాకీ ఉన్నాడో వెంటనే తెలిసిపోతుంది.

దుకాణంలో బేరం రద్దీగా ఉన్నప్పుడు షావుకారు ముందుగా చిట్టాలో ఒక్క వాక్యం గబగబా వ్రాసేస్తాడు. తీరిక చిక్కాక ఆ పద్దులను ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ముందు చిట్టా, తరువాత ఆవర్జా. ఈ వరుసను మాత్రం తప్పడు. ఎందుకో మీరు ఆలోచించారా?

ఆవర్జా ఎలుకలు కొట్టినా, వానకు తడిసినా భయం లేదు. పాత ఆవర్జా నకలు ఒకటి ఇంట్లో ఉంటే, ఆ తేదీ తరువాతి చిట్టాలన్నీ వరుసగా చదువుకుంటూ పోతే చాలు. కొత్త ఆవర్జా తయారవుతుంది. పాత నకలు ఒక్కటే ఉంటే ఆ తరువాత జరిగిన బేరాలన్నీ పోయినట్లే. చిట్టాలు మాత్రమే ఉంటే దుకాణం పెట్టిన మొదటి రోజునుండి లెక్క కట్టుకు రావాలి. రెండూ ఉంటేనే పని సులువు.

ఈ రోజు ప్రపంచంలోని పెద్ద పెద్ద కంప్యూటర్లన్నీ చేస్తున్నది సరిగ్గా ఇదే. ఆవర్జాను డేటాబేసు అన్నారు. చిట్టాను ట్రాన్సాక్షన్ లాగ్ అన్నారు. ఆవర్జా నకలును బ్యాకప్ అన్నారు. పేర్లు మారాయి గాని సూత్రం అదే.

రాతి మీద వ్రాసిన పద్దులు

చేబ్రోలు మాట వచ్చింది గనుక మరొక్క సంగతి. ఈ ఊరి పాత పేరు తాంబ్రాపె. ఇక్కడ దొరికిన ఒక రాతి శాసనం సా.శ. 207వ సంవత్సరం నాటిదని, శాతవాహన రాజు విజయుని కాలానిదని, దక్షిణ భారతదేశంలో అంతవరకు దొరికిన సంస్కృత శాసనాలలో అదే మొదటిదని 2019 డిసెంబరులో పురాతత్వ శాఖవారు ప్రకటించారు. కార్తికుడనే అతడు ఇక్కడి దేవతకు కట్టించిన ప్రాసాదం, మండపం గూర్చి అందులో ఉంది. దాదాపు 1000 సంవత్సరాల తరువాత కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప కూడా ఈ ఊళ్ళో తన దానధర్మాలను రాతి మీదనే చెక్కించాడు.

రాతి మీద వ్రాతకు రెండు గుణాలున్నాయి. చెక్కినదానిని చెరపడం కష్టం. క్రొత్త విషయం చెప్పాలంటే దాని క్రింద మరో పంక్తి చేర్చవలసిందే. కంప్యూటరు చిట్టా కూడా అటువంటిదే. అందులో దిద్దుబాట్లు ఉండవు, చివర చేర్చడమే ఉంటుంది. తప్పు పద్దు పడితే దానిని చెరపరు. తప్పును సరిచేసే మరో పద్దు వేస్తారు.

ఇక శాసన పరిశోధకులు ఏం చేస్తారో తెలుసా? తడిపిన కాగితాన్ని రాతి మీద పరచి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు. రేపు ఆ రాయి పగిలిపోయినా అక్షరాలు మిగులుతాయి. నకలు ఎందుకు తీయాలో, దానిని రాయి ప్రక్కనే కాక దూరాన ఎందుకు దాచాలో ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

లావాదేవీ అంటే విడదీయరానిది

ఇప్పుడు కంప్యూటరు లోపలికి పోదాం. రాము తన ఖాతానుండి సీత ఖాతాకు 500 రూపాయలు పంపాడు. ఇది మనకు ఒక్క పని. కంప్యూటరుకు రెండు పనులు. రాము ఖాతాలో 500 తగ్గించాలి. సీత ఖాతాలో 500 పెంచాలి. మొదటిది అయి రెండవది కాకముందే కరెంటు పోతే? 500 రూపాయలు గాలిలో కలిసిపోతాయి!

అందువల్ల ఈ రెండింటినీ కలిపి ఒకే ముడిగా కట్టారు. ఆ ముడినే లావాదేవీ అంటాము. జరిగితే మొత్తం జరగాలి. లేకుంటే ఏమీ జరగనట్లే ఉండాలి. సగం జరగడం అనేది ఉండరాదు. అన్నీ సక్రమంగా పూర్తి అయిన తరువాత కంప్యూటరు చిట్టాలో 'ఖరారు' అని ఒక పద్దు వేస్తుంది. దీనినే కమిట్ అంటారు. ఆ 'ఖరారు' పద్దు డిస్కు మీద భద్రంగా పడిన తరువాతనే మీకు రశీదు ఇవ్వాలి. ఇది నియమం.

మరి తిన్నగా ఆవర్జాలోనే వ్రాసేయవచ్చు గదా, మధ్యలో చిట్టా ఎందుకు అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఖాతాలు డిస్కు మీద ఎక్కడెక్కడో చెదిరి ఉంటాయి. ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క చోటికి పోయి వ్రాయాలంటే ఆలస్యం. చిట్టా అలా కాదు. చివర చేర్చుకుంటూ పోవడమే కాబట్టి వ్రాత చాలా వేగంగా సాగుతుంది. అందువల్ల కంప్యూటరు మార్పులను ముందు తన మెమరీలో చేసుకుంటుంది. చిట్టాను మాత్రం వెంటనే డిస్కుకు పంపుతుంది. ఆవర్జా పుటలను తరువాత తీరిక మీద డిస్కుకు ఎక్కిస్తుంది. అచ్చం మన షావుకారు వలెనే!

ఒక లెక్క చేద్దాం

ముగ్గురే ఖాతాదారులున్న ఒక చిన్న బ్యాంకును ఊహించండి. ఆదివారం రాత్రి 10 గంటలకు ఆవర్జాకు పూర్తి నకలు తీశారు. అందులో ఇలా ఉంది: రాము 2000, సీత 500, కరీము 1000. మొత్తం 3500 రూపాయలు.

సోమవారం ఉదయం చిట్టాలో ఈ క్రింది పద్దులు పడ్డాయి.

1. మొదటి లావాదేవీ - ప్రారంభం.
2. మొదటి లావాదేవీ - రాము: మునుపు 2000, ఇప్పుడు 1500.
3. మొదటి లావాదేవీ - సీత: మునుపు 500, ఇప్పుడు 1000.
4. మొదటి లావాదేవీ - ఖరారు.
5. రెండవ లావాదేవీ - ప్రారంభం.
6. రెండవ లావాదేవీ - కరీము: మునుపు 1000, ఇప్పుడు 700.
7. మూడవ లావాదేవీ - ప్రారంభం.
8. మూడవ లావాదేవీ - సీత: మునుపు 1000, ఇప్పుడు 1250.
9. మూడవ లావాదేవీ - ఖరారు.

అంతే, ఆవర్జా ఉన్న డిస్కు చెడిపోయింది. చిట్టా మాత్రం మరో డిస్కులో ఉంది కనుక బ్రతికింది. కరీము రాముకు 300 పంపుతుండగా, సగంలో ప్రమాదం జరిగిందన్నమాట. సీత మూడవ లావాదేవీలో 250 రూపాయలు నగదు జమ చేసింది.

ఇప్పుడు మూడు మెట్లలో పునరుద్ధరణ జరుగుతుంది.

మొదటి మెట్టు పరిశీలన. చిట్టాను చదివి ఏ లావాదేవీలు ఖరారయ్యాయి, ఏవి కాలేదు అని చూడాలి. ఒకటి, మూడు ఖరారయ్యాయి. రెండు కాలేదు.

రెండవ మెట్టు తిరిగి చేయడం. క్రొత్త డిస్కు మీద ఆదివారం నకలు ఎక్కించి, చిట్టాలోని మార్పులన్నీ మొదటినుండి వరుసగా మళ్ళీ చేయాలి. అప్పుడు రాము 1500, సీత 1250, కరీము 700. మొత్తం 3450. ప్రమాదం జరిగిన క్షణాన ఆవర్జా ఎలా ఉండాలో అలా అయింది. కాని లెక్క తప్పింది. ఉండవలసినది 3500కు సీత తెచ్చిన 250 కలిపి 3750. 300 రూపాయలు తక్కువ!

మూడవ మెట్టు రద్దు చేయడం. ఖరారు కాని రెండవ లావాదేవీ చేసిన మార్పులను చివరినుండి వెనుకకు రద్దు చేయాలి. కరీము ఖాతాకు 'మునుపు' విలువ 1000 తిరిగి పెట్టాలి. ఇప్పుడు రాము 1500, సీత 1250, కరీము 1000. మొత్తం 3750. లెక్క సరిపోయింది. కరీము మళ్ళీ ఒకసారి డబ్బు పంపుకోవాలి, అంతే. ఎవరి పైసా పోలేదు.

చిట్టాలో 'మునుపు', 'ఇప్పుడు' అని రెండు విలువలు ఎందుకు వ్రాస్తారో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. 'ఇప్పుడు' విలువ తిరిగి చేయడానికి, 'మునుపు' విలువ రద్దు చేయడానికి. ఇంకో చమత్కారం గమనించండి. 'రాము ఖాతాలో 500 తగ్గించు' అని వ్రాసి ఉంటే, పొరపాటున రెండుసార్లు చేసినప్పుడు 1000 తగ్గిపోతుంది. '1500 చేయి' అని వ్రాస్తే ఎన్నిసార్లు చేసినా 1500 మాత్రమే. పునరుద్ధరణ మధ్యలో మళ్ళీ కరెంటు పోయినా నష్టం లేదు. మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

చిట్టా తెగితే కష్టం

పై లెక్కలో 3వ పద్దు ఉన్న పుట చినిగిపోయిందనుకోండి. 4 నుండి 9 వరకు ఎంత భద్రంగా ఉన్నా వాటిని నమ్మి ముందుకు పోలేము. గొలుసులో ఒక్క లంకె తెగితే అక్కడితో ఆగవలసిందే. అందుకే ప్రతి పద్దుకు వరుస సంఖ్య ఇస్తారు. చిట్టా భాగాలను కొన్ని నిమిషాలకు ఒకసారి మరో చోటికి నకలు తీసి పంపుతారు. పావుగంటకు ఒకసారి పంపే చోట, ఎంత ఘోర ప్రమాదం జరిగినా, పోయేది ఆ పావుగంట పని మాత్రమే.

చిట్టా వల్ల మరో మేలు ఉంది. ఉదయం 11 గంటలకు ఒక ఉద్యోగి పొరపాటున ఖాతాలన్నీ తుడిచివేశాడనుకోండి. ఇది డిస్కు తప్పు కాదు. కంప్యూటరు చెప్పినట్లే చేసింది. అప్పుడు పాత నకలు ఎక్కించి, చిట్టాను 10 గంటల 59 నిమిషాల వరకు మాత్రమే నడిపి ఆపుతారు. కాలాన్ని వెనుకకు త్రిప్పినట్లే!

ఎవరు కనిపెట్టారు?

ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపం 1970ల దశకంలో వచ్చింది. అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ సాన్ హోసే పరిశోధనశాలలో 'సిస్టమ్ ఆర్' అనే డేటాబేసును నిర్మించారు. అక్కడి శాస్త్రజ్ఞులలో జిమ్ గ్రే ఒకరు. లావాదేవీ అంటే ఏమిటి, దానిని ఎలా కాపాడాలి అన్న విషయాలపై చేసిన కృషికి ఆయనకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి లభించింది. కంప్యూటరు శాస్త్రంలో అది నోబెల్ బహుమతి వంటిది. ప్రపంచానికి పోగొట్టుకున్నదానిని తిరిగి పొందడం నేర్పిన గ్రే, 2007 జనవరి 28న ఒంటరిగా పడవలో సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎంత వెదికినా జాడ తెలియలేదు.

మనం ఇందాక చూసిన మూడు మెట్ల పద్ధతిని 'ఏరీస్' అంటారు. దీనిని 1992లో ప్రకటించిన ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుల బృందంలో ముఖ్యుడు సి. మోహన్. ఆయన మదరాసు ఐ.ఐ.టి.లో చదువుకున్న భారతీయుడు. ఏరీస్ సూత్రాలను అనేక డేటాబేసులలో వాడారు.

మన దగ్గర

రైలు రిజర్వేషన్ల కోసం మన రైల్వేల సమాచార సంస్థ 'క్రిస్' తయారు చేసిన 'కాన్సర్ట్' పద్ధతిని మొదట ప్రవేశపెట్టినది సికిందరాబాదులోనే. 1999 నాటికి న్యూఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రాలను కలిపారు. ఒకే బెర్తు కోసం తెనాలిలో ఒకరు, ఢిల్లీలో ఒకరు ఒకే క్షణంలో అడిగినా ఇద్దరికీ అది దక్కకూడదు. ఇదీ లావాదేవీ మహిమే.

భూమి దస్తావేజుల సంగతి చూడండి. పూర్వం రిజిస్ట్రారు కార్యాలయంలో ప్రతి దస్తావేజునూ చేతితో నకలు వ్రాసి పెద్ద పెద్ద పుస్తకాలలో దాచేవారు. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పథకం క్రింద 214 కార్యాలయాలలో ఈ పని కంప్యూటర్లకు అప్పగించారు. అప్పటినుండి నకలు వ్రాసే పని తగ్గింది. నకలు కాపాడే బాధ్యత మాత్రం తగ్గలేదు, పెరిగింది.

నకలును ఎక్కడ దాచాలి? కంప్యూటరు ఉన్న గదిలోనే బీరువాలో పెడితే అగ్నిప్రమాదంలో రెండూ పోతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన గూర్చి మీ ఇంట్లో పెద్దలను అడగండి. అటువంటిది వస్తే ఒక గది కాదు, ఊళ్ళకు ఊళ్ళే నీట మునుగుతాయి. అందువల్లనే మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలని, వాటిలో ఒకటైనా దూరప్రదేశంలో ఉండాలని నిపుణులు చెబుతారు.

నకలు ఉందనుకున్నారు, లేదు!

2017 జనవరి 31న జరిగిన ఒక సంఘటన వినండి. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు తమ పనిని దాచుకునే 'గిట్‌ల్యాబ్' అనే సంస్థ ఉంది. ఆ రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు రెండవ సర్వరులోని ఫైళ్ళను తుడిచివేయబోయి, అసలు సర్వరులోని ఫైళ్ళను తుడిచివేశారు. కొన్ని క్షణాల్లో తప్పు గ్రహించి ఆపారు. కాని అప్పటికే 300 గిగాబైట్ల సమాచారంలో దాదాపు అంతా పోయింది.

నకళ్ళు ఉన్నాయిగా అనుకున్నారు. తీరా చూస్తే, రోజూ తీస్తున్నామనుకున్న నకలు చాలాకాలంగా తయారు కావడమే లేదు. దాచే చోటు ఖాళీగా ఉంది. నకలు తీయడం విఫలమైందని చెప్పే హెచ్చరికలు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తు ఆ ఇంజనీరే ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక నకలు మిగిలింది. దానితో బయటపడ్డారు. కాని ఆ ఆరు గంటల చిట్టా విడిగా దాచి లేదు. అందుచేత ఆ వ్యవధిలో చేరిన సుమారు 5000 ప్రాజెక్టుల వివరాలు, 5000 వ్యాఖ్యలు, 700 క్రొత్త ఖాతాలు తిరిగి రాలేదు. అయితే ఆ సంస్థ ఈ విషయాన్ని దాచలేదు. ఎక్కడ ఏం జరిగిందో లోకానికంతా వివరంగా చెప్పింది. అది ఇతరులకు పాఠమైంది.

మన దేశంలోనూ ఒక సంఘటన జరిగింది. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై దుండగులు దాడి చేసి, సమాచారాన్ని ఎవరూ చదవలేని గూఢలిపిగా మార్చివేశారు. రోగుల పేర్లు నమోదు చేయడం మొదలు పరీక్షల ఫలితాల వరకు చాలా రోజులు కాగితం మీద చేతితో వ్రాయవలసి వచ్చింది. చివరకు ఆ దాడి తాకని ఒక బ్యాకప్ సర్వరునుండి రోగుల వివరాలను తీసి క్రొత్త సర్వర్లలో ఎక్కించారు. ఆ నకలు కూడా అదే దాడికి చిక్కి ఉంటే ఎందరి చికిత్స ఏమయ్యేదో ఊహించండి.

ఈ రెండింటినుండి నేర్చుకోవలసినది ఒక్కటే. నకలు తీయడం సగం పని. దానినుండి అసలును తిరిగి తయారు చేసి చూసుకోవడం మిగిలిన సగం. మంచి సంస్థలలో ప్రమాదం లేని రోజున కూడా, వేరే కంప్యూటరు మీద పాత నకలు ఎక్కించి, చిట్టా నడిపి, లెక్క సరిపోయిందో లేదో చూస్తారు.

మీరే చేసి చూడండి

దీనికి కావలసినవి ఒక పలక, సుద్దముక్క, ఒక నోటు పుస్తకం, నలుగురు స్నేహితులు. పలక మీద నలుగురి పేర్లు వ్రాసి ఒక్కొక్కరికి 100 మార్కులు వేయండి. అది మీ ఆవర్జా. దానిని ఒక కాగితం మీద దించుకోండి. అది నకలు. ఇప్పుడు ఒకరికొకరు మార్కులు ఇచ్చిపుచ్చుకోండి. ప్రతిసారీ ముందుగా నోటు పుస్తకంలో వరుస సంఖ్య, పేరు, మునుపటి విలువ, ఇప్పటి విలువ వ్రాసి, ఆ తరువాతనే పలక మీద మార్చండి. అంతా అయ్యాక 'ఖరారు' అని వ్రాయండి. పన్నెండు లావాదేవీలు అయ్యాక, పదమూడవది సగంలో ఉండగా ఒకరు పలక తుడిచివేయాలి.

ఇప్పుడు నకలు, చిట్టా సహాయంతో పలకను తిరిగి వ్రాయండి. మొత్తం 400 వచ్చిందా? రాకపోతే మీరు ఏ మెట్టు మరచిపోయారు? రెండవసారి ఆడినప్పుడు చిట్టాలో ఏడవ లావాదేవీని దాచివేసి చూడండి. మూడవసారి ముందు పలక మీద మార్చి, తరువాత చిట్టా వ్రాయండి. మధ్యలో పలక తుడిచివేస్తే ఏం జరుగుతుందో మీకే తెలుస్తుంది. ముందు చిట్టా అన్న షావుకారు నియమం ఎంత విలువైనదో అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈసారి బ్యాంకులో మీకు రశీదు ఇచ్చినప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ చిన్న కాగితానికి అర్థం, మీ పద్దు చిట్టాకు ఎక్కింది, ఇక ఏ ప్రమాదం జరిగినా దానిని నిలబెడతాము అని. ఆ మాట నిలబడేది యంత్రం గొప్పతనం వల్ల మాత్రమే కాదు. ఎక్కడో ఒక మనిషి ప్రతిరోజూ నకలు తీసి, దూరాన దాచి, అది పనిచేస్తుందో లేదో చూస్తున్నాడు కనుక. మీలో కొందరు రేపు ఆ పనిలో చేరతారు. మీ చేతిలో ఎన్ని లక్షల మంది పద్దులు ఉంటాయో మరచిపోకండి.